లడాయి వాల్వు పుట్టిల్లు



ఇవాళ మీతో వంటల గురించి గాని, పిల్లల పెంపకం గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఒక వాల్వు గురించి చెప్పబోతున్నాను. వాల్వు అంటే సైకిలు ట్యూబుకు ఉండేది కాదు. వెనకటి రేడియోల్లో, వెనకవైపు అట్ట తీసి చూస్తే గాజుబుడ్డీల్లాగా ఎర్రగా వెలుగుతూ కనిపించేవి చూడండి, అవి. "మాకెందుకమ్మా వాల్వుల సంగతి?" అని పేజీ తిప్పేయకండి. ఈ ఒక్క వాల్వు మూలంగా మా మేనమామకూ, అత్తకూ మధ్య ముప్ఫై ఏళ్ళు గొడవ నడిచింది. ఆ గొడవలో ఎవరు గెలిచారో చివర్న చెబుతాను.

మా మామకు జగిత్యాలలో రేడియో రిపేరు దుకాణం ఉండేది. ఎండాకాలం సెలవులకు కరీంనగరు నుంచి మేమందరం అక్కడికే పోయేవాళ్ళం. దుకాణం ముందుభాగంలో ఉంటే ఇల్లు వెనక. మధ్య తలుపు తీస్తే చాలు, ఇవతల నుంచి పోపు వాసన, అవతల నుంచి టంకం పొగ. ఆ రోజుల్లో రేడియో చెడిపోతే ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినట్టే. గడీల దొరల పెద్ద సెట్లు, పంచాయతీ ఆఫీసు సెట్లు, పెళ్ళిలో అల్లుడికి పెట్టిన సెట్లు, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి.

మామ వాల్వుల పేర్లను ఎక్కాలు చదివినట్టు చదివేవాడు. ఇ.సి.హెచ్. 81, ఇ.బి.ఎఫ్. 89, ఇ.సి.ఎల్. 82, ఇ.జెడ్. 80. వినడానికి మంత్రంలా ఉంటుంది గాని, తెలిసినవాళ్ళకు ప్రతి అక్షరానికీ అర్థముంది. ముందు 'ఇ' అని ఉంటే లోపలి తీగ వేడెక్కడానికి 6.3 వోల్టుల కరెంటు కావాలని. 'జెడ్' ఉంటే అటూ ఇటూ ఊగే కరెంటును ఒకేవైపు నడిపేదని. 'ఎఫ్' అంటే లోపల ఐదు భాగాలున్న వాల్వని. హాలండులోని ఫిలిప్సు కంపెనీవాళ్ళు, వాళ్ళతోపాటు మరికొన్ని యూరపు కంపెనీలు పెట్టుకున్న వాడుక అది. 1961లో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు చేయడం మొదలుపెట్టాక మనవాటికీ అవే పేర్లు. డబ్బా మీద అక్షరాలు చూసి, లోపల ఉన్నది ఏ పని చేస్తుందో మామ కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

కాని ఒక్కదాని దగ్గర ఆయన విద్య పారలేదు. హైదరాబాదులో జుమ్మెరాత్ బజార్లో పాత సామాను తూకానికి కొన్నప్పుడు, ఆ కుప్పలో వచ్చిందట. టార్చిలైటు సెల్లు కంటె కొంచెం పెద్దది. పైన ఎర్రరంగు వేసిన లోహపు డబ్బా. తిప్పి చూస్తే గాజు అడుగు, అందులోంచి తొమ్మిది సన్నని కాళ్ళు. పేరు వి.ఆర్. 91. మనకు తెలిసిన సెట్టు దేంట్లోనూ అది పట్టదు. మామ దాన్ని దుకాణంలో ఒక గూట్లో పెట్టుకున్నాడు. నేను అడిగితే చెప్పాడు:

"గిది మన రేడియోలల్ల పడది బిడ్డా. లడాయిది. ఇమానాలల్ల వెట్టేటిది."

లడాయి అంటే రెండో ప్రపంచ యుద్ధం. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అక్కరలేని సామానంతా అమ్మేశారు. డిస్పోజల్ సామాను అనేవాళ్ళు, మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ కోట్లు, బూట్లు, బకెట్లు, దుప్పట్లు ఎన్ని ఇళ్ళలో చేరాయో! ఆ విధంగా వచ్చిందే ఈ వాల్వు కూడా.

మామకు అదొక గొప్ప. దుకాణానికి వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. మా అత్తకు మాత్రం అది కంట పడితే మండిపోయేది. "మనుషులను సంపిన సామాను ఇంట్ల పెట్టుకుంటరా ఎవ్వరన్న?" అనేది. పండుగకు ఇల్లు అలుకుతూ దాన్ని తీసి బయట పారేస్తే, మామ పోయి ఏరుకొచ్చేవాడు. దుకాణం గూడు దాటి అది మధ్య తలుపు ఇవతలికి రాగూడదని చివరికి రాజీ అయింది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, వాల్వు సెట్లు అటకలెక్కాయి, దుకాణం మూతపడింది, మామ పోయాడు. గూడు మాత్రం అలాగే ఉంది. వాల్వు గూట్లోనే ఉంది.

ఇంజనీరింగు చదువుతున్న మా బావ మనవడు ఈమధ్య దాని పుట్టుపూర్వోత్తరాలు కనిపెట్టాడు. వాడు చెప్పినదానికి నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకు చెబుతున్నాను.

వి.ఆర్. 91 అన్నది దాని అసలు పేరు కాదు! అది బ్రిటిషు వైమానికదళం పెట్టుకున్న పేరు. సైన్యానికి ఇంకో పేరు, నౌకాదళానికి ఇంకో పేరు. మనకు పెళ్ళితో ఇంటిపేరు మారినట్టు, దీనికీ మూడుచోట్ల మూడు ఇంటిపేర్లు వచ్చాయి. పుట్టింటి పేరు ఇ.ఎఫ్. 50. ఆ పేరే డబ్బా మీద ఉండివుంటే మామ రెప్పపాటులో చెప్పివుండేవాడు, "ఆరు పాయింటు మూడు వోల్టులది, ఐదు భాగాలది" అని. ఇంతకీ అది పుట్టింది యుద్ధం కోసం కాదు. విమానాల కోసం అంతకన్నా కాదు. ఇంట్లో సాయంత్రంపూట కూర్చుని చూసే టెలివిజను కోసం!

అదెలాగో చెప్పాలంటే ముందు వాల్వు ఏం చేస్తుందో రెండు ముక్కలు చెప్పుకోవాలి. గాలి అంతా తీసేసిన గాజుబుడ్డిలో ఒక లోహపు గొట్టాన్ని వేడిచేస్తే, మరిగే నీళ్ళనుంచి ఆవిరి లేచినట్టు దానినుంచి విద్యుత్కణాలు లేస్తాయి. ఎదురుగా ఉన్న రేకుకు కరెంటు ఇస్తే ఆ కణాలు అటు పరిగెడతాయి, వెనక్కి మాత్రం రావు. అందుకే ఒకవైపే తెరుచుకునే తలుపు అని దాన్ని వాల్వు అన్నారు. 1904లో ఫ్లెమింగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు చేసింది ఇంతే. రెండేళ్ళకు అమెరికాలో డీ ఫారెస్ట్ అనే ఆయన ఆ రెండింటి మధ్య సన్నని తీగతో జల్లెడ లాంటిది పెట్టాడు. ఆ జల్లెడకు ఇచ్చే కరెంటు కాస్త అటూ ఇటూ అయితే చాలు, అవతలికి పోయే ప్రవాహం ఎన్నోరెట్లు పెరిగి తరుగుతుంది. నల్లా మీద చిటికెనవేలు పెట్టి నీళ్ళధారను ఆడించినట్టన్నమాట. గాలిలో వచ్చే సన్నని సంకేతం పెద్ద పాటగా మారేది ఈ కిటుకు వల్లనే. 1926లో ఫిలిప్సు కంపెనీలోని టెలెగెన్ ఇంకో రెండు జల్లెడలు చేర్చి ఐదు భాగాల వాల్వు చేశాడు. మామ చెప్పే 'ఎఫ్' అదే.

రేడియోకు ఇది చాలు. మన హైదరాబాదు కేంద్రం 738 కిలోహెర్ట్జుల మీద వస్తుంది. అంటే ఆ తరంగం సెకనుకు 7 లక్షల 38 వేలసార్లు ఊగుతుంది. లండనులో 1936 నవంబరు 2న మొదలైన బి.బి.సి. టెలివిజను బొమ్మ మాత్రం సెకనుకు నాలుగున్నర కోట్లసార్లు ఊగే తరంగం మీద వచ్చేది. అంత వేగానికి పాత వాల్వులు తట్టుకోలేవు. గాజులోపలి నుంచి అడుగునున్న కాళ్ళదాకా వచ్చే తీగలు పొడుగ్గా ఉండేవి కదా, ఆ జానెడు తీగలోనే సంకేతం సగం చచ్చిపోయేది.

ఇక్కడ మన సంగతి కూడా ఒకటి జ్ఞాపకం చేసుకుందాం. లండనులో బొమ్మలు మొదలయ్యేనాటికి మన హైదరాబాదు రాజ్యంలో నిజాం సర్కారు రేడియో పుట్టి రెండేళ్ళు కూడా కాలేదు. 1935 ఫిబ్రవరి 3న మొదలైంది. దాని బలమెంత? 200 వాట్లు! మన వసారాలో వెలిగే నూరు క్యాండిళ్ళ బల్బులు రెండు పెడితే అంతే. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, నాలుగు భాషలూ ఆ గొంతులోనే పలకాలి. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల్లో దాన్ని పట్టుకోగలిగినవాళ్ళెంతమంది, చెప్పండి? ఎక్కడో ఒక గడీలోనో, ఒక సర్కారు అధికారి బంగళాలోనో ఉండేది సెట్టు.

సరే, ఇంగ్లండుకు వద్దాం. కేంబ్రిడ్జి పట్నంలో 'పై' అని ఒక కంపెనీ ఉండేది. మీది, మాది అన్నట్టు ఇదేం పేరని నవ్వకండి, దాన్ని పెట్టినాయన ఇంటిపేరే అది. వాళ్ళు టెలివిజను సెట్లు చేసేవాళ్ళు. లండను నుంచి కేంబ్రిడ్జి సుమారు 80 కిలోమీటర్లు. బొమ్మ అక్కడిదాకా వచ్చేసరికి దీపం కొడిగట్టినట్టు అయిపోయేది. అంత దూరంలోనూ బొమ్మ నిలవాలంటే కొత్త వాల్వు కావాలి. ఫిలిప్సువాళ్ళు ఐండ్‌హోవెన్ ఊళ్ళోని తమ ప్రయోగశాలలో దాన్ని తయారుచేశారు. పొడుగు తీగలు లేవు. అచ్చుపోసిన గాజు అడుగులోంచి తొమ్మిది కాళ్ళూ నేరుగా బయటికి వస్తాయి. చుట్టూ లోహపు తొడుగు, పక్కదాని సొద దీనికి సోకకుండా. అదే ఇ.ఎఫ్. 50. వాటిని వరసగా ఒక సన్నని పట్టీ మీద బిగించి పై కంపెనీవాళ్ళు తమ టెలివిజనులో పెట్టారు. బొమ్మ చక్కగా నిలిచింది.

అంటే అత్త పారేయబోయిన వస్తువు పుట్టింది దీనికోసం: ఎవరో ఒక ఇల్లాలు పొద్దుటినుంచి చాకిరీ చేసి, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని నాటకమో, పాటకచేరీయో చూడడానికి.

చూసే భాగ్యం ఎక్కువరోజులు దక్కలేదు. 1939 సెప్టెంబరు 1న బి.బి.సి. టెలివిజను మూసేశారు. ఆ తరంగాలు పట్టుకుని శత్రువిమానాలు దారి తెలుసుకుంటాయన్న భయం. అప్పటికి దేశం మొత్తంమీద ఓ 20 వేల ఇళ్ళలో సెట్లున్నాయేమో, అవన్నీ గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి.

ఆ రోజుల్లోనే బోవెన్ అనే వేల్సు దేశపు యువకుడు మరో అవస్థలో ఉన్నాడు. రేడార్ అన్న మాట మీరు వినే ఉంటారు. బావిలోకి వంగి కేకేస్తే మన గొంతు మనకే తిరిగివస్తుంది కదా, అలాగే రేడియో తరంగాన్ని విసిరి, ఎదురుగా ఉన్న విమానానికి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వినడమే రేడార్. నేలమీద పెద్ద పెద్ద స్తంభాలతో ఆ పని అప్పటికే జరుగుతోంది. చీకట్లో ఎగిరే విమానంలోనే పట్టేంత చిన్నది చేయాలని బోవెన్ బృందం తంటాలు. తిరిగివచ్చే ప్రతిధ్వని ఎంత సన్నగా ఉంటుందంటే, వేములవాడ జాతరలో తప్పిపోయిన పిల్లవాడు గుడి అవతలిపక్క గుసగుసలాడితే ఇవతలినుంచి తల్లి వినాలి. అంతటి చెవి ఎక్కడ దొరుకుతుంది?

కేంబ్రిడ్జిలో దొరికింది. పై కంపెనీ గదుల్లో ఆ టెలివిజను పట్టీలు ఉన్నాయని 1939లో తెలిసింది. తెచ్చి పెట్టి చూశారు. దూరపు బొమ్మ కోసం చేసిన చెవి శత్రువిమానపు గుసగుసను కూడా పట్టేసింది. దానికి పై పట్టీ అనే పేరే స్థిరపడిపోయింది. ఆ పట్టీకి ప్రాణం ఇ.ఎఫ్. 50.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ వాల్వు తయారయ్యేది హాలండులో. ఇంగ్లండులో ఫిలిప్సువారి మల్లార్డ్ కంపెనీ ఉన్నది గాని, ఆ గాజు అడుగు అచ్చుపోయడం దానికి చేతకాలేదు. హాలండేమో ఏ పక్షమూ కాదు. జర్మనీ మీద పడితే ఒక్కరోజులో పోతుంది, దాంతో వాల్వులూ పోతాయి. 1940 మే 10న జర్మనీ పడనే పడింది. ఆ దాడికి సరిగ్గా ముందే 25 వేల ఇ.ఎఫ్. 50 వాల్వులు, వాటికి కావలసిన గాజు అడుగులు మరో రెండున్నర లక్షలు లారీల మీద బయల్దేరి ఇంగ్లండు చేరాయి. ఒక్కరోజు ఆలస్యమైవుంటే! మన పెళ్ళిళ్ళలో చీరెల మూట బస్సు వెళ్ళిపోయే నిమిషానికి చేరుతుంది చూడండి, అలా చేరింది.

మూడురోజులకు, మే 13న, డచ్చి మంత్రులు దేశం వదిలి విండ్సర్ అనే బ్రిటిషు యుద్ధనౌక ఎక్కారు. ఫిలిప్సు కంపెనీ పెద్దలు కొందరు కూడా అందులోనే. వాళ్ళతో ఒక చిన్న చెక్కపెట్టె. పెట్టెలో వజ్రాలు! నగలకు పనికొచ్చేవి కావు. వాల్వులోపలి తీగను వెంట్రుక కంటె సన్నగా తీయడానికి వాడే పారిశ్రామిక వజ్రాలు. వజ్రానికి సూక్ష్మమైన రంధ్రం చేసి అందులోంచి లోహపు తీగను లాగుతారు.

కరీంనగరువాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు. మన వెండి తీగపనివాళ్ళు చేసేది అదే కదా! ఎలగందులలో మొదలై కరీంనగరు చేరిన ఆ పని రెండువందల ఏళ్ళనాటిది. కమ్మచ్చు రంధ్రాల్లోంచి వెండిని ఒకదానికంటె ఒకటి సన్నని రంధ్రంలో లాగిలాగి, ఆ తీగను మెలిపెట్టి ఆకులు, లతలు అల్లి, పాన్‌దానులు, అత్తర్‌దానులు చేస్తారు. కమ్మచ్చు ఉక్కుది, వాళ్ళది వజ్రానిది, అంతే తేడా. వాల్వులోని జల్లెడను చూసినప్పుడల్లా నాకు మన పాన్‌దాను మూతే జ్ఞాపకం వస్తుంది.

ఆ జల్లెడ అల్లిందెవరో తెలుసా? ఆడవాళ్ళు. హాలండులోనైనా, ఇంగ్లండులోనైనా, అమెరికాలోనైనా వాల్వుల కర్మాగారాల్లో బల్లల ముందు కూర్చుని పట్టకార్లతో ఆ సన్నని ముక్కలను ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికించినవాళ్ళు ఎక్కువమంది స్త్రీలే. ఒక్క నలుసు లోపల పడినా వాల్వు పనికిరాదు; చేయి ఒక్క రవ్వ వణికినా జల్లెడ పోయి పక్కదానికి తగులుతుంది. కోరుట్లలో, జగిత్యాలలో మన ఆడవాళ్ళ వేళ్ళు బీడీ చుట్టేటప్పుడు చూడండి, కళ్ళు ఎటో ఉంటాయి, నోరు ముచ్చటలు చెబుతుంటుంది, వేళ్ళు మాత్రం తప్పవు. ఆ వేళ్ళే అక్కడివీ. యుద్ధకాలంలో వాల్వుల మీద వాల్వులు కావలసివచ్చాయి. ఇంగ్లండు చాలక కెనడాలో, అమెరికాలో కూడా చేయించారు. అమెరికాలో సిల్వేనియా కంపెనీవాళ్ళు చేసినవాటికి ఎర్రరంగు వేసేవారు. మా మామ గూట్లోది ఎర్రది కాబట్టి అది అట్లాంటిక్ దాటి వచ్చిన సరుకన్నమాట. చేసింది ఏ ఊరి ఆడపిల్లో!

1940 జూలైలో, రేడార్ పెట్టిన విమానం మొట్టమొదటిసారి రాత్రిపూట శత్రువిమానాన్ని పట్టి కూల్చింది. సెప్టెంబరు నుంచి లండను మీద రాత్రుళ్ళు బాంబులు. నవంబరులో కనింగ్‌హామ్ అనే వైమానికుడు చీకట్లో గురితప్పకుండా కొట్టడం మొదలుపెడితే, పత్రికలవాళ్ళు ఆయనకు "పిల్లికళ్ళు" అని పేరు పెట్టారు. అసలు కళ్ళు విమానం ముక్కులో ఉన్నాయని చెప్పకూడదు కదా, మరి ఏం చెప్పారనుకున్నారు? గాజరగడ్డలు తింటే చీకట్లో కళ్ళు బాగా కనబడతాయని! ఆ దేశంలో అప్పుడు గాజరగడ్డలు దండిగా పండుతున్నాయి, తక్కిన సరుకులు చాలా రేషను. ఇల్లాళ్ళందరూ గాజర్ తో కూరలు, కేకులు చేసి పిల్లలకు తినిపించారు. మనమూ ఇప్పటికీ "కళ్ళకు మంచిది, తినరా" అంటూనే ఉన్నాం. కంటికి మంచిదే, అందులో తప్పులేదు. విమానాలు కనబడతాయన్నది మాత్రం ఆ లడాయినాటి మాట.

ఆ యుద్ధంలో మన వాటా కూడా ఉంది. బ్రిటిషు వైమానికదళంలో 152వ దళాన్నీ, 253వ దళాన్నీ హైదరాబాదు పేరుతోనే పిలిచేవాళ్ళు. నిజాం ఇచ్చిన విరాళాలవల్ల వచ్చిన పేరది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జరిగిన పోరాటంలో రెండు దళాలూ ఉన్నాయి. 152వ దళం చిహ్నం మీద నిజాం తలపాగా, దస్తార్ బొమ్మ కూడా వేశారు. అదే 1940లో ఇక్కడ ఆదిలాబాదు అడవుల్లో, జోడేఘాట్‌లో, అడవి మాది, భూమి మాది అని నిలబడిన కొమురం భీంను అదే నిజాం పోలీసులు కాల్చి చంపారు. అక్కడ విమానాలకు ఇచ్చిన రూపాయి ఏ రైతు శిస్తులోంచి, ఏ గోండు కట్టిన పన్నులోంచి వెళ్ళిందో ఎవరు లెక్క తీస్తారు? వాల్వు కథలో ఇదెందుకంటారా? ఆ ఏడాది పేరెత్తితే నాకు రెండూ కలిసే జ్ఞాపకం వస్తాయి.

ఇంకో సంగతి ఉంది. దీన్ని అత్తకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. జర్మనుల చేతికి చిక్కిన ఐండ్‌హోవెన్ లో వాల్వుల కర్మాగారం ఆగలేదు, జర్మనీ కోసం నడిచింది. అందుకని 1942 డిసెంబరు 6న బ్రిటిషు విమానాలు పట్టపగలు కిందికి దిగివచ్చి దాని మీద బాంబులు వేశాయి. పనివాళ్ళు ఉండరని ఆదివారం చూసి వేశాయి. పనివాళ్ళు కర్మాగారంలో లేరు, ఇళ్ళలో ఉన్నారు. బాంబులు పక్క వీధుల్లో కూడా పడ్డాయి. నూరుమందికి పైగా ఊరి జనం చచ్చిపోయారు. రెండున్నరేళ్ళ కిందట ఎవరి చేతులమీదుగా ఆ వాల్వులు లారీలెక్కాయో, వాళ్ళ ఊరే అది.

యుద్ధం ముగిసింది. 1946 జూన్ 7న బి.బి.సి. టెలివిజను మళ్ళీ తెరుచుకుంది. కొత్త సెట్టు కొనాలంటే సామాన్యుడికి తలకు మించిన పని. కాని డిస్పోజల్ దుకాణాల్లో రేడార్ సామాను కారుచౌక. అప్పుడేం చేశారంటే, చేతిపని వచ్చిన కుర్రవాళ్ళు ఆ మిలిటరీ పెట్టెలు కొని విప్పి, అందులోని ఇ.ఎఫ్. 50 వాల్వులతో ఇంట్లోనే టెలివిజను కట్టుకున్నారు. తెరకు కూడా రేడార్ తెరే పెట్టారు. అందుకని బొమ్మంతా ఆకుపచ్చగా ఉండేది. పాట పాడే ఆమె మొహమూ పచ్చన, ఆమె చేతిలో పువ్వులూ పచ్చన! అయినా ఇల్లంతా చుట్టూ కూర్చుని చూశారు. ఆరేడేళ్ళు ఊళ్ళు తిరిగి, వాల్వు పుట్టిల్లు చేరుకుంది. మన దగ్గర జుమ్మెరాత్ బజార్ నుంచి అదే సామాను తెచ్చుకున్న మా మామకు కట్టడానికి విద్య ఉన్నది గాని, పట్టడానికి బొమ్మ లేదు. మన హైదరాబాదులో టెలివిజను వచ్చిందే 1977లో. మా జిల్లాలకు 1980ల్లో వచ్చింది. అప్పటికి వాల్వులన్నీ చెత్తబుట్టల్లో ఉన్నాయి.

పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదు హైటెక్ సిటీలోనో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న తల్లులు ఈ ముక్క కూడా వినండి. 1948 జూన్ 21న ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో ఒక యంత్రం తన కడుపులో దాచుకున్న ఆదేశాలను తానే చదువుకుని లెక్క చేసింది. అలా చేసిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు అది. ఒక్క లెక్కకు 52 నిమిషాలు పట్టింది! గదినిండా ఉన్న ఆ యంత్రంలో సుమారు 550 వాల్వులు. వాటిలో మన ఎర్రడబ్బా జాతివి, అంటే ఇ.ఎఫ్. 50లు, వందల్లో ఉన్నాయి. చేసిన విలియమ్స్, కిల్‌బర్న్ ఇద్దరూ యుద్ధంలో రేడార్ పని చేసినవాళ్ళే కనుక ఆ వాల్వు గుణం వాళ్ళకు బాగా తెలుసు. ఆ సెప్టెంబరులోనే మన దగ్గర పోలీసు చర్య జరిగింది.

ఇక అత్త దగ్గరికి వస్తాను. అత్తకు ఇప్పుడు తొంభై దాటాయి. చూపు తగ్గింది గాని మాట పదును తగ్గలేదు. మొన్న జగిత్యాల పోయినప్పుడు, బావ మనవడూ నేనూ ఆమె మంచం పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పాం. టెలివిజను కోసం పుట్టిందంటే నమ్మలేదు. "మీ మామ లడాయిదే అన్నడు గద?" అంది. మామ చెప్పిందీ నిజమే, అంతకుముందు ఇదీ నిజమే అన్నాను. గాజరగడ్డల సంగతికి నవ్వింది. ఐండ్‌హోవెన్ మీద బాంబులు వేసిన సంగతి కూడా చివరికి చెప్పేశాను.

అత్త కొంచెంసేపు ఊరుకుంది. "పుట్టింటి మీదనే ఏసిన్రా?" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లవాడు ఆ మాట మరిపించాలనుకున్నాడో ఏమో, లోపల తీగ తెగిందో లేదో చూద్దాం నాయనమ్మా అని లేచాడు. మీటరు పెట్టి చూశాడు. తెగలేదు! ఆరు వోల్టుల బ్యాటరీ తెచ్చి ఆ రెండు కాళ్ళకు తగిలించాడు. ఎర్రడబ్బా లోపల వెలుగు కనబడదు కదా, మాకేమీ తెలియలేదు. రెండు నిమిషాలయ్యాక డబ్బా మీద వేలు పెట్టి చూసి, తీసుకుపోయి అత్త అరచేతిలో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు మధ్య తలుపు దాటనివ్వని వస్తువు.

అత్త రెండు చేతులతో దాన్ని పట్టుకుని చూసింది.

"ఉడుకుడుకున్నదే," అంది. మళ్ళీ ఇచ్చేయలేదు.